ఓడ బండెక్కితే

1805 జూన్. అమెరికా పశ్చిమాన, ఇవాళ మోంటానా అని పిలుస్తున్న చోట, మిస్సోరీ నది ఒడ్డున ముప్పై మందికి పైగా మనుషులు ఒక చెట్టు కోసం వెతుకుతున్నారు. మెరీవెదర్ లూయిస్, విలియం క్లార్క్ నాయకత్వంలో పసిఫిక్ సముద్రం దాకా దారి కనుక్కోవడానికి బయల్దేరిన దండు అది. ఎదురుగా ఒకదాని వెనక ఒకటిగా ఐదు జలపాతాలు. నీటిదారి మూసుకుపోయింది. ఆరు దోనెల్నీ, వాటిలో సామానంతటినీ నేల మీద దాదాపు 29 కిలోమీటర్లు లాక్కుపోవాలి. చూపు ఆనినంత మేరా గడ్డినేల, చెట్లే అరుదు. చివరికి ఒక వాగు నదిలో కలిసేచోటికి కాస్త దిగువన ఒక్క కాటన్‌వుడ్ చెట్టు దొరికింది. దాని మొద్దును అడ్డంగా బిళ్లలు బిళ్లలుగా కోస్తే 22 అంగుళాల, అంటే సుమారు 56 సెంటీమీటర్ల చక్రాలు వచ్చాయి. అంత లావున్న, పుచ్చు పట్టని చెట్టు చుట్టూ 20 మైళ్లలో మరొకటి దొరికి ఉండేది కాదని లూయిస్ తన దినచర్యలో రాసుకున్నాడు.

మిగతా బండి సంగతి వేరు. ఇరుసుల్లో ఒకటి పాత తెరచాప కొయ్య. నొగల్నీ, వాటిని పట్టి ఉంచే కర్రల్నీ మెత్తటి కాటన్‌వుడ్‌తోనే చెక్కారు. జూన్ 22న మొదటి దోనెను ఎక్కించుకుని బయల్దేరితే దారి పొడవునా ఇవన్నీ పలుమార్లు విరిగాయి. మధ్యాహ్నానికి ఒక వాగు దగ్గర ఆగి, అక్కడ దొరికిన విల్లో కర్రతో ఇరుసులూ నొగలూ కొత్తగా చేసుకున్నారు. రెండు గంటల పని. చీకటి పడ్డాక, మజిలీ ఇంకో అర మైలు ఉందనగా ఆ కొత్త నొగలు కూడా చేతికొచ్చాయి. దోనెను అక్కడే వదిలేసి, ఎవరు మోయగలిగినంత సామాను వాళ్లు వీపున వేసుకుని నడిచారు. ఆ రోజు లెక్క రాసినప్పుడు లూయిస్ విరిగినవాటిలో ఇరుసులు చెప్పాడు, నొగలు చెప్పాడు. చక్రాల ఊసెత్తలేదు.

పడవను మోసే బండి కొనాలనుకునేవాళ్లు దుకాణానికి వెళ్లేముందు ఈ దినచర్య పుటలు చదువుకుంటే సగం డబ్బు మిగులుతుంది. వెతికి, ఖర్చుపెట్టి, పట్టుబట్టి తెచ్చుకోవాల్సింది చక్రం. ఇరుసు, చట్రం, పట్టీలు, కాలు, ఇవన్నీ దొరికినదాంతో కట్టుకోగలిగినవి, దారిలో విరిగినా ఏదో ఒకటి చేసి గట్టెక్కగలిగినవి. ఇవాళ జరుగుతున్న బేరం సరిగ్గా దీనికి తలకిందులు. కొనేవాళ్లు చట్రం ఎంత చిన్నగా మడతపడుతుందో చూస్తారు, గొట్టం మెరుపు చూస్తారు, అట్టపెట్టె మీద ఎన్ని కిలోలు మోస్తుందని రాశారో చదువుతారు. చక్రాలు ఎలాంటివి వస్తే అలాంటివే పుచ్చుకుంటారు. అట్టపెట్టె మీది ఆ అంకె చదునైన సిమెంటు నేల మీద కదలకుండా నిలబడ్డ బండిది. పోవాల్సిన దారి గురించి అది ఏమీ చెప్పదు.

ఈ బండి అవసరం ఎక్కడిదో చెప్పుకోవాలి. కెనూ మన కొల్లేటి తాటిదోనెకు దూరపు చుట్టం. రెండు కొసలూ మొనదేలి, పైకప్పు లేకుండా, ఒంటి తెడ్డుతో సాగేది. ఇద్దరు కూర్చునే కెనూ పొడవు సుమారు 5 మీటర్లు. కెవ్లార్ నారతో చేసిందైతే 20 కిలోల లోపే తూగుతుంది, అల్యూమినియంది, ప్లాస్టిక్‌ది 30 దాటుతుంది. కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ సరస్సులు గొలుసుకట్టు చెరువుల్లా పక్కపక్కన ఉంటాయి కానీ అన్నిటికీ నీటిదారి ఉండదు. మధ్యలో వచ్చే నేలను పడవతో సహా దాటాలి. ఆ దాటడాన్ని ఫ్రెంచి మాటతో పోర్టేజీ అంటారు. బొచ్చుతోళ్ల వ్యాపారపు రోజుల్లో కూలీలు ఒక్కొక్కరు 40 కిలోల మూటలు రెండేసి వీపునెత్తుకుని దాటేవారు. బ్రిటిష్ కొలంబియాలోని బౌరన్ లేక్ పార్కులో సరస్సుల మీదుగా చుట్టి బయల్దేరినచోటికే వచ్చే 116 కిలోమీటర్ల దారి ఉంది. అందులో అసలు పడవ నీటిని తాకకముందే 2.4 కిలోమీటర్ల నడక. న్యూయార్క్ రాష్ట్రం నుంచి మెయిన్ దాకా 1,190 కిలోమీటర్లు సాగే నార్తర్న్ ఫారెస్ట్ కెనూ ట్రయిల్‌లో కొన్ని పోర్టేజీలు తారురోడ్డు పక్కనే నడుస్తాయి. టొరంటోలోనో మినియాపోలిస్‌లోనో స్థిరపడ్డ మన పిల్లలు వేసవిలో అద్దెకు తీసుకునే పడవ కూడా ఈ జాతిదే. రేవుకీ కారు ఆపినచోటికీ మధ్య అరకిలోమీటరుంటే చాలు, బండి గుర్తొస్తుంది.

చక్రం పెద్దదైతే ఏం ఒరుగుతుంది? లెక్క చూద్దాం. పడవ 30 కిలోలు, అందులో సామాను ఇంకో 30 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రం మీద 30 కిలోలు పడతాయి. దారికి అడ్డంగా 5 సెంటీమీటర్ల ఎత్తున చెట్టువేరు వచ్చింది. ఒక చక్రం దాన్ని ఆనుకుని ఆగింది. అక్కణ్నించి ఊపు లేకుండా ఎక్కించాలంటే ఇరుసు ఎత్తులో తిన్నగా ఎంత లాగాలి? 25 సెంటీమీటర్ల చక్రమైతే 40 కిలోల లాగుడు కావాలి. 40 సెంటీమీటర్ల చక్రానికి 26 చాలు. లూయిస్ కోయించిన 56 సెంటీమీటర్ల బిళ్లకు 21. వేరు ఎత్తు 10 సెంటీమీటర్లయిందంటే కథే మారిపోతుంది: చిన్న చక్రానికి 147 కిలోలు, అంటే ఒక్క మనిషి వల్ల కాదు, ఆగి ఎత్తి దాటించడమే. 40 సెంటీమీటర్ల దానికి 52, పెద్దదానికి 36. బరువు మారలేదు, మనిషి మారలేదు, మారింది వ్యాసార్ధం ఒక్కటే. గాలి టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి నిజంలో ఈ అంకెలు కాస్త తగ్గుతాయి. వాటి మధ్య వరస మాత్రం మారదు. ఎడ్లబండి చక్రాన్ని మన వడ్రంగులు నడుమెత్తుకు మించి ఎందుకు చేసేవారో ఈ లెక్కే చెబుతుంది. గట్లూ గాడులూ దాటాల్సిన బండి అది. రోడ్లు పడ్డాకే చిన్న చక్రాల టైరుబండి ఊళ్లోకొచ్చింది.

ఎత్తు తర్వాత చూడాల్సింది వెడల్పు, దాంతోపాటు గాలి. మెత్తటి టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపు దాని లోపలి గాలి ఒత్తిడంతే ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 2 కిలోల చొప్పున గట్టిగా గాలి కొట్టిన టైరు 30 కిలోల బరువును అగ్గిపెట్టె పైభాగమంత చోటు మీద నిలబెడుతుంది. పార్కింగులో బాగుంటుంది, ఇసకలో కత్తిలా దిగుతుంది. అదే బరువును 0.2 కిలోల గాలితో ఉబ్బెత్తు టైరు మోస్తే వేళ్లతో సహా అరచెయ్యంత చోటు నేలను ఆనుకుంటుంది. తీరప్రాంతపు బండ్లకు బుడగల్లాంటి లావు చక్రాలు వాడేది అందుకే. మన కోస్తాలో ఫైబర్ పడవల్ని ఇసక మీదికి లాగే పనికి ట్రాక్టర్లు వచ్చాయంటే వాటి పెద్ద టైర్లు ఇసకను తొక్కి నిలబడతాయనే. అయితే బుడగ చక్రానికి ముళ్లూ సూదిరాళ్లూ పడవు. పంక్చర్ కాని నురగ టైరు అడవిదారిలో నిశ్చింతగా ఉంటుంది కానీ రాయి తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బను చట్రానికి పంపిస్తుంది. మూడు దారుల్నీ ఒక్కలా నడిచే చక్రం లేదు. దారిని బట్టి చక్రాన్ని ఎంచుకోవాలనడం ఇందుకే.

దుకాణంలో దొరికే మామూలు బండిని దగ్గరగా చూడండి. రెండు అల్యూమినియం గొట్టాలు కత్తెరలా విచ్చుకుని నిలబడతాయి. వాటి పైకొసల మీద రెండు అడ్డదూలాలు, నల్లటి నురగ తొడుగు. కింద ఒక సన్నటి ఇరుసు, దానికి 25 సెంటీమీటర్ల ప్లాస్టిక్ చక్రాలు, ఊడకుండా గుండుసూదికి అన్నలాంటి సీల చెరొకటి. వెనక ఒక కాలు, పడవ ఎక్కించేటప్పుడు బండి పడిపోకుండా. రెండు నైలాను పట్టీలు. మొత్తం ఐదారు కిలోలు. ఇందులో చట్రం గురించి ఫిర్యాదేమీ అక్కర్లేదు. చాలావాటికి అది సరిపోయినంత గట్టిగానే ఉంటుంది. మార్చాల్సింది చక్రాలతో మొదలుపెట్టి ఇరుసు దాకా.

మార్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో మూలనపడ్డ పిల్లల సైకిలు చక్రాలు పీకి బండికి బిగిస్తారు. చక్రం పెద్దదే, తేలికే, పైసా ఖర్చు లేదు. కానీ సైకిలు ముందుచక్రాన్ని రెండు పక్కలా ఫోర్కు పట్టుకునేలా తయారుచేశారు, దాని ఇరుసు 9 మిల్లీమీటర్ల సన్నటి కడ్డీ. ఒక్క పక్కనే పట్టుకుని రెండో పక్క గాలికి వదిలేస్తే పడవ బరువుకు వంగుతుంది. చక్రం లోపలికి వాలి, ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వదులవుతాయి. ఒంటిపక్క పట్టుతో నిలవడానికే పుట్టిన చక్రాలు వేరే ఉన్నాయి. చక్రాల కుర్చీ వెనకచక్రం అలాంటిది: 24 అంగుళాలు, 12.7 మిల్లీమీటర్ల ఇరుసు, మీట నొక్కితే ఊడొస్తుంది. సైకిలు వెనక తగిలించుకుని పిల్లల్ని కూర్చోబెట్టే ట్రైలర్ చక్రాలూ అంతే, 20 అంగుళాలు. పాతసామాన్ల దుకాణాల్లో ఇవి కొత్త బండి ఖరీదులో చిన్న ముక్కకు దొరుకుతాయి. ఆకులున్న చక్రానికి పక్క నుంచి రాయి కొడితే వంకర తిరుగుతుందన్నది నిజమే. దారి మరీ రాళ్లమయమైతే తోటపని తోపుడుబండి చక్రం మేలు. దాని టైరు 4.00-8 సైజు, మన ఆటోలకు వేసేదే, ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. బరువెక్కువ. మోటుది. దెబ్బలకు లొంగదు.

చక్రం పెద్దదయ్యాక దుకాణం ఇరుసు దానికి చాలదు. ఇక్కడ ఒక మంచి సంగతుంది. గుండ్రటి కడ్డీ వంగడమన్నది దాని మందం నాలుగో ఘాతంతో ముడిపడి ఉంటుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 16 మిల్లీమీటర్లది వేస్తే, అదే బరువుకు వంగడం మూడో వంతుకు పడిపోతుంది. పెరిగే బరువు కొద్ది వందల గ్రాములు. రెండు చక్రాలకూ ఒకే కడ్డీ ఈ పక్క నుంచి ఆ పక్కకు దూరితే ఇంకా నిబ్బరం. చక్రానికీ చట్రానికీ మధ్య ఒక నైలాను వాషరు ఉండాలి, లేకపోతే ఇసక చేరి గొట్టాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. ఇసకదారిలో కందెన దట్టంగా పూయడం తెలివి అనిపిస్తుంది కానీ అది ఇసకను పట్టుకుని నూరుడుబండ అవుతుంది. అక్కడ పొడి నైలానే నయం. చివరికి సీల. ఎడ్లబండి తోలేవాడికి సీల విలువ చెప్పక్కర్లేదు. అది జారితే చక్రం తన దారి తాను చూసుకుంటుంది. ఈ బండి సీల తీగలాంటిది, గడ్డిలో పడితే దొరకదు. దాన్ని చట్రానికి జానెడు దారంతో కట్టేయడం, జేబులో మరో రెండు పెట్టుకోవడం, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన మార్పు. అతి తక్కువమంది చేసేదీ అదే.

పెద్ద చక్రం మీద గట్టి అభ్యంతరం ఒకటుంది, దాటవేయకూడనిది. చక్రం పెరిగితే పడవ కూడా పైకి లేస్తుంది, బండి పక్కకు పడిపోవడం తేలికవుతుంది. నిజం. చక్రాల మధ్య 60 సెంటీమీటర్ల దూరం, బరువు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే బండి 27 డిగ్రీల వాలు దాకా నిలబడుతుంది. పెద్ద చక్రాలతో ఆ ఎత్తు 68 అయితే 24 డిగ్రీలకే ఒరుగుతుంది. అడవిదారి ఒక పక్క గాడిలో, ఒక పక్క గట్టు మీద నడుస్తుంది కనుక ఈ మూడు డిగ్రీలు కాగితం మీది మూడు డిగ్రీలు కావు. జవాబు ఇరుసులో ఉంది. ఎలాగూ కొత్త కడ్డీ వేస్తున్నారు, దాన్ని 15 సెంటీమీటర్లు పొడుగు వేయండి. చక్రాల మధ్య దూరం 75 అయితే ఒరిగే వాలు 29 డిగ్రీలకు చేరి, మొదటి బండి కంటే కూడా నిలకడ పెరుగుతుంది. మరీ వెడల్పు చేస్తే ఇరుకుదారిలో రెండు పక్కలా బండలకు తగులుతుంది కాబట్టి దీనికీ హద్దుంది. ఆపైన సామాను సర్దే తీరు. బరువైన సంచి పడవ అడుగున ఉండాలి, అడ్డుకర్రల మీద ఎత్తుగా పెట్టకూడదు. ఈ ఒక్క అలవాటు కొన్ని సెంటీమీటర్ల ఎత్తును ఊరికే తగ్గించి పెడుతుంది.

పడవను బండి మీద ఎక్కడ కూర్చోబెట్టాలన్నది చేతికి తెలిసే విషయం. పడవ వెనకకొసను మాత్రమే మోసే చిన్న బండ్లున్నాయి. వాటితో సగం బరువు లాగేవాడి చేతిలోనే ఉంటుంది, రెండొందల గజాలకు వేళ్లు మొద్దుబారతాయి. నడిమికి ఎత్తే బండిలో ఆ బాధ లేదు. 60 కిలోల మొత్తాన్ని తూకం కుదిరిన చోటు నుంచి జానెడు కంటే తక్కువగా, 15 సెంటీమీటర్లు ముందుకు జరిపితే పడవ మొన దగ్గర చేతిమీద పడేది 4 కిలోలు. అంతమాత్రం ఉండాలి కూడా. లేకపోతే మొన గాల్లో ఎగిరెగిరి పడుతుంది. అర మీటరు జరిగిందంటే పది కిలోలు దాటుతుంది. సామానంతా ఇరుసు పైనే కుదురుగా ఉండాలి. ముందూ వెనకా కొసల్లో నింపితే పడవ నడుము మీద ఊగి అడుగుచెక్క వంగుతుంది. పల్చటి కెవ్లార్ పడవలకు ఇది మరీ ప్రమాదం, వాటిని బండి మీద ఖాళీగా లాగడమే పద్ధతి.

పట్టీలకు వస్తే, దుకాణం ఇచ్చే రెండు పట్టీలూ పడవను చుట్టి కిందికి బిగిస్తాయి, అంతే. తడిసిన పడవ అడుగు సబ్బుబిళ్లలా ఉంటుంది. చక్రం వేరుకు తగలగానే బండి అక్కడ ఆగుతుంది, పడవను పట్టి లాగే మనిషి ఆగడు. బండి వెనక్కి జారి, వాలి, పడవ కింద నుంచి తప్పుకుంటుంది. ఎంత బిగించినా ఆగదు. ఇంకా బిగించాలని రాట్చెట్ పట్టీ తెస్తే పడవ అంచు నలుగుతుంది. కావాల్సింది పొడుగువారగా ఒక తాడు: బండి చట్రం నుంచి పడవ ముందువైపు అడ్డుకర్రకు, మరొకటి వెనకవైపు అడ్డుకర్రకు. అప్పుడు వేరు తగిలినప్పుడు లాగుడు నేరుగా ఇరుసుకు అందుతుంది. మూడు మీటర్ల తాడుతో, రెండు ముడులతో అయ్యే పని ఇది. ఇంకొకటి, ఆ వెనకకాలు. ఎక్కించేటప్పుడు అర నిమిషం పనికొస్తుంది, దారంతా వేళ్లకు తగులుకుంటుంది. దాన్ని పైకి మడిచి కట్టేయండి, లేదా విప్పి ఇంట్లో పెట్టండి. బండిని గట్టుకు ఆనించి పడవను ఎక్కించడం రెండోసారికల్లా అలవాటైపోతుంది.

ఇంతా చేసి అసలు బండి ఎందుకనే ప్రశ్న రానే వస్తుంది. భుజాన వేసుకుని నడవడమే పద్ధతి, చక్రం సోమరితనం అనే వాదం అక్కడి పాతకాపుల్లో బలంగా ఉంది. వాళ్లకు చరిత్రలో సాక్ష్యం కూడా ఉంది. 1883లో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే రచయిత, అరవై దాటిన బక్కపలచటి మనిషి, క్షయరోగి, ఎడిరాండాక్ కొండల్లో 266 మైళ్లు ఒంటరిగా కెనూలో తిరిగాడు. జె. హెన్రీ రష్టన్ అనే పడవల వడ్రంగి అతనికి చేసిచ్చిన పడవ తూకం పదిన్నర పౌన్లు, అంటే 5 కిలోలు కూడా లేదు. బండికి పెట్టే శ్రద్ధ పడవ మీద పెడితే బండే అక్కర్లేదన్నమాట. వాదన బాగుంది, కానీ ఆ పడవ పొడవు 9 అడుగులు, అందులో పట్టేది ఒక్క మనిషి, వాడూ బక్కవాడై ఉండాలి. ఇద్దరు పెద్దలు, ఓ పిల్లవాడు, వారం రోజుల తిండి అన్నాక 60 కిలోలు ఎక్కడికీ పోవు. పడవ ఒకసారి, మూటలు ఒకసారి మోస్తే మధ్యలో ఖాళీ చేతులతో వెనక్కి నడవాలి. 2.4 కిలోమీటర్ల దారి 7.2 అవుతుంది. చక్రం సంప్రదాయానికి పరాయిదన్న మాటా నిలవదు. కెనడాలోని 19 కిలోమీటర్ల మెథై పోర్టేజీ మీద సరుకును 19వ శతాబ్దంలో ఎద్దులూ గుర్రాలూ కట్టిన బండ్లే దాటించాయి.

వాళ్ల మాటలో ఒప్పుకోవాల్సిన భాగం ఒకటుంది, అది దారి గురించి. మిన్నెసోటాలో వెయ్యికి పైగా సరస్సులున్న బౌండరీ వాటర్స్ అరణ్యంలో కొన్ని నిర్దేశిత దారుల్లో తప్ప చక్రాలకు అనుమతి లేదు. అక్కడికి వెళ్లేవాళ్లు బండి కొననే కొనకూడదు, భుజానికి ఆనే మంచి కాడి కొనుక్కోవాలి. కెనూ మోసే ఆ అడ్డుకర్రకూ ఎద్దు మెడమీది కాడికీ ఇంగ్లిషులో పేరొకటే. నిషేధం లేకపోయినా బురదలోనూ, మెట్లలా పేర్చిన బండల మీదా ఎంత పెద్ద చక్రమైనా దండగే. 1857లో రచయిత థోరో తన సహచరుడితో దారి తప్పి తిరిగిన మెయిన్‌లోని మడ్ పాండ్ క్యారీ లాంటి చోట, పేరే చెబుతోంది కదా, బండి లాగడమంటే బండిని మోయడమే. ఇక బండ్లను అనుమతించే బౌరన్ లేక్‌లోనూ పడవలో ఉంచి లాగే సామానుకు సుమారు 28 కిలోల హద్దు పెట్టారు, మిగతాది వీపున మోసుకోవాలి. సన్నటి చక్రాల కింద బరువు దారిని గాడులు చేస్తుంది, వాన పడితే ఆ గాడులే కాలవలవుతాయి. పెద్ద, లావు చక్రానికి ఇది ఇంకో సాక్ష్యం. అగ్గిపెట్టెంత చోటుకూ అరచెయ్యంత చోటుకూ తేడా దారికీ తెలుస్తుంది.

మిగిలింది ఒక్క అభ్యంతరం: నేల దాటాక బండి కూడా సామానే, పడవలో పెట్టుకుని తెడ్డు వేయాలి, పెద్ద చక్రాలు ఎక్కడ పడతాయి? చట్రాన్ని మడిచి సంచుల పక్కన దూర్చవచ్చు. చక్రాలు మాత్రం మీట నొక్కితే ఊడొచ్చేవై ఉండాలి, ఊడదీసి పడవ మొన దగ్గర సామాను పైన బోర్లా కట్టేస్తే గాలికి కాస్త అడ్డమే కానీ చోటుకు అడ్డం కాదు. గంటలకొద్దీ తెడ్డు వేసే పెద్ద సరస్సులో ఆ గాలి విసిగిస్తుందన్నది నిజం. రోజుకు ఒక్క చిన్న పోర్టేజీ ఉన్న ప్రయాణానికి చిన్న చక్రాలే చాలనేవాళ్లతో అందుకే తగువుపడను.

లూయిస్ దండుకూ గాలి ఎదురే కాలేదు, ఒక రోజు అక్కరకొచ్చింది కూడా. బండెక్కిన దోనె మీద తెరచాప ఎత్తితే ఆ గడ్డినేల మీద పడవ గాలివాటున సాగింది, లాగేవాళ్లకు పెద్ద ఊరట దొరికింది. తక్కిన రోజులన్నీ దున్నల గిట్టలు పడి ఎండి గట్టిపడ్డ గుంటల్లో, నాగజెముడు ముళ్లలో పాదాలు చిల్లులు పడేలా లాగారు. జూలై 2కి ఆఖరి సామాను దాటింది. పై మజిలీలో లూయిస్ ఎంతో ఆశపడి బిగించిన ఇనప చట్రం పడవ నీళ్లు కారి పనికిరాకుండా పోయింది. దాన్నీ, బండి చక్రాల్నీ ఆ ఒడ్డునే గోతిలో పూడ్చి పడమరకు సాగిపోయారు. పసిఫిక్ చూసి, ఏడాది తర్వాత 1806 జూలైలో అదే చోటికి తిరిగొచ్చి తవ్వితే చక్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈసారి వాటి ముందు గుర్రాల్ని కట్టారు.